పెరటి మల్లె, మందారం బాగా పూయాలంటే ఎప్పుడేం చేయాలి

మా వీధిలో ఎవరింటి మల్లె పూయకపోయినా నన్ను అడిగే మాట ఒకటే: "పిన్నిగారూ, ఏం ఎరువు వేయమంటారు?" పోయిన వేసవిలో ఎదురింటి అమ్మాయి కూడా అదే అడిగింది. వెళ్ళి చూశాను. మొక్క ఆరడుగులు పెరిగి గోడ దాటింది. ఆకులు నిగనిగలాడుతున్నాయి. వెతికితే నాలుగు మొగ్గలు కనిపించాయి. ఆ మొక్కకి తిండి తక్కువై కాదు. మూడేళ్ళుగా దాని మీద కత్తెర పడలేదు.

మన ఎండలకి తట్టుకుని ఏళ్ళ తరబడి పూసే మొక్కలు బోలెడున్నాయి. మల్లె, మందారం, నందివర్ధనం, నూరువరహాలు, కనకాంబరం, కాగితం పూలు, గన్నేరు, పారిజాతం, డిసెంబరాలు. బంతిలాగా ఏటా నారు పోసే పని లేదు. వీటితో వచ్చే తిప్పలన్నీ దాదాపు ఒకటే: ఏ మొక్కని ఎప్పుడు కత్తిరించాలో, ఎప్పుడు నీళ్ళు ఆపాలో తెలియకపోవడం. ఎరువు సంగతి ఆ తర్వాత. నేను కృష్ణా జిల్లాలో, రేగడి నేలలో చేస్తున్న పద్ధతి ఇది. మీది తెలంగాణ ఎర్రనేల అయితే ఎక్కడ మార్చుకోవాలో కూడా చెబుతాను.

ముందు ఎండని చూడండి

మొక్క కొనడానికి వెళ్ళకముందు ఒక సెలవు రోజున పొద్దున ఎనిమిదికి, పన్నెండుకి, సాయంత్రం నాలుగుకి మీ జాగాలో నిలబడి ఎండ ఎక్కడ పడుతోందో చూసుకోండి. ఒక ముగ్గుగీత గీసి పెట్టుకున్నా మంచిదే. మల్లెకి కనీసం ఆరు గంటల ఎండ కావాలి. నీడలో మల్లె బతుకుతుంది, తీగలు సాగుతుంది, పూయదు. కాగితం పూలకి, గన్నేరుకి రోజంతా ఎండ ఉన్నా సరే. మందారానికి పొద్దుటి ఎండ బాగా తగిలి, మే నెల మధ్యాహ్నాల్లో కొంచెం చాటు దొరికితే పువ్వు వాడకుండా నిలుస్తుంది. కొబ్బరిచెట్టు కిందో, మామిడి కొమ్మల జల్లెడ నీడలోనో ఏం పెట్టాలని అడిగితే కనకాంబరం, నందివర్ధనం పెట్టమంటాను.

ఒక జాగ్రత్త. సిమెంటు గోడని ఆనుకుని నూరువరహాలు నాటకండి. గోడలోని సున్నం వానకి కరిగి మట్టిలోకి దిగుతుంది. నూరువరహాలకి పులుపు నేల ఇష్టం, సున్నం పడదు. గోడకి రెండడుగులైనా ఎడం ఉంచండి.

గుంత, మట్టి

గుంత అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే లోతు తీయండి. మే నెలలో తీసి వదిలేస్తే రోహిణి కార్తె ఎండకి మట్టిలోని పురుగులు, గుడ్లు చాలావరకు చస్తాయి. నాటడం మాత్రం మృగశిర వచ్చి రెండు మంచి వానలు పడ్డాకే.

రేగడి నేలలో ఇసుక కలిపితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. రెండు తట్టల ఇసుక రేగడిలో కలిస్తే అది ఇంకా గట్టిపడుతుంది. దానికి బదులు తవ్వి తీసిన మట్టిలో సగం పక్కన పెట్టేసి, మిగిలిన సగానికి ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, రెండు దోసిళ్ళ వరి ఊక కలపండి. రెండు గుప్పెళ్ళ వేపపిండి కూడా వేయండి. మట్టి నింపాక మొక్క మొదలు చుట్టుపక్కల నేల కంటే అరడుగు ఎత్తులో ఉండాలి. వానాకాలంలో రేగడిలో నీళ్ళు నిలుస్తాయి, ఆ నీళ్ళలో వేళ్ళు కుళ్ళిపోతాయి. నేను పోగొట్టుకున్న మొక్కల్లో ఎక్కువ భాగం ఎండకి పోలేదు, ఆగస్టులో నీళ్ళు నిలిచి పోయాయి.

ఎర్రనేల అయితే దీనికి తిరగేసి చేయాలి. నీళ్ళు తొందరగా ఇంకిపోతాయి కాబట్టి మొదలు కొంచెం పల్లంగా ఉంచి, చుట్టూ గట్టు కట్టి పాదు చేయండి. పశువుల ఎరువు మోతాదు పెంచండి.

నర్సరీలో ఏం చూడాలి

రాజమండ్రి పక్కన కడియం వెళ్ళినా, మీ ఊరి బండి మీద కొన్నా, పువ్వుని చూసి మొక్కని కొనకండి. విచ్చిన పూలతో ఉన్న మొక్క ఇంటికొచ్చిన వారానికే మొగ్గలన్నీ రాలుస్తుంది, మనకి టెన్షన్ మొదలవుతుంది. పొట్టిగా, మొదట్లోంచే మూడు నాలుగు కొమ్మలు వేసి, కొసన లేత చిగురు ఉన్న మొక్కని తీసుకోండి. ఆకుల అడుగున, కణుపుల సందుల్లో తెల్లటి పిండిలాంటిది ఉంటే వద్దు, అది పిండినల్లి అనే పురుగు. కవరు అడుగు రంధ్రాల్లోంచి లావుపాటి వేరు బయటికి వచ్చి ఉంటే ఆ మొక్క చాలాకాలంగా అక్కడే ఉందని అర్థం. లోపల వేళ్ళు చుట్టలు చుట్టుకుని ఉంటాయి.

మందారం విషయంలో ఒక మాట. అరచేతంత పూలు, రెండు మూడు రంగులు కలిసిన అంటు మందారాలు చూడగానే మనసు లాగేస్తుంది. ఒక ఏడాది మూడు కొన్నాను. రెండు ఏడాది తిరక్కుండానే పోయాయి, మూడోది నెలకో పువ్వు ఇస్తూ నిలిచింది. మొదటిసారి పెంచేవాళ్ళు మన నాటు ఎర్రమందారంతో, లేకపోతే ముద్దమందారంతో మొదలుపెట్టండి. ఒక కొమ్మ గుచ్చినా బతికే మొక్కలవి. చేయి తిరిగాక అంటు రకాలకి వెళ్ళవచ్చు.

నాటడం

సాయంత్రం పూట నాటండి. కవరుని బ్లేడుతో నిలువుగా కోసి తీసేయాలి, మొక్కని పట్టుకుని లాగకూడదు. కొన్ని నర్సరీల కవర్లలో మట్టి బంకలాగా గట్టిగా ఉంటుంది. దాన్ని అలాగే పాతేస్తే పోసిన నీళ్ళు పక్క మట్టిలోకి పోతాయి, లోపలి ముద్ద ఎండిపోతుంది. అందుకని ఆ ముద్దని ఒక బకెట్ నీళ్ళలో పావుగంట ఉంచి, చేతి వేళ్ళతో పైపొర మాత్రం మెల్లగా విడదీయండి. చుట్టుకున్న వేళ్ళుంటే రెండు మూడు చోట్ల కత్తిరించండి. కవరులో మొక్క ఎంత లోతున ఉందో నేలలో కూడా అంతే లోతున ఉండాలి. చుట్టూ మట్టిని కాలితో కాదు, చేత్తో అదమండి. ఒక బిందెడు నీళ్ళు పోయండి.

మొదటి రెండు నెలలు ఎరువు జోలికి పోవద్దు.

నీళ్ళు

రోజూ ఇన్ని నీళ్ళని లెక్క పెట్టుకోవడం వల్ల చాలా మొక్కలు పాడవుతాయి. చూపుడు వేలు రెండో కణుపుదాకా మట్టిలో గుచ్చండి. లోపల తడి తగిలితే ఆ రోజు నీళ్ళు వద్దు. పొడిగా ఉంటే పాదు నిండేలా పోసి వదిలేయండి. రోజూ చెంబెడు పోస్తే వేళ్ళు పైపైనే ఉండిపోతాయి, ఎండలు ముదరగానే మొక్క వాలిపోతుంది. ఐదారు రోజులకోసారి కడుపునిండా పోస్తే వేళ్ళు నీళ్ళ కోసం కిందికి దిగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో రెండు రోజులకోసారి కావాల్సి రావచ్చు. కుండీల్లో ఉన్నవాటికి ఆ రోజుల్లో పొద్దున్నే ఒకసారి, అవసరమైతే సాయంత్రం మరోసారి.

మొక్క మొదలు చుట్టూ నాలుగు వేళ్ళ మందాన ఎండాకులో, వరిగడ్డో, కొబ్బరి పీచో పరవండి. బోదెకి ఆనకుండా బెత్తెడు ఖాళీ ఉంచాలి, లేకపోతే ఆ చెమ్మకి బోదె కుళ్ళుతుంది.

మల్లె: కార్తీకం వెళ్ళగానే కత్తెర

ఇక అసలు విషయం. మల్లె కొత్త చిగురు కొసనే మొగ్గ తొడుగుతుంది. పాత కొమ్మ ఎంత పొడుగు సాగినా దాని మీద పూలు రావు. కాబట్టి వేసవిలో పూలు కావాలంటే చలికాలంలో పాత కొమ్మ తీసేసి కొత్త చిగురు పుట్టించాలి. మైలవరం, జి.కొండూరు వైపు మల్లె తోటలవాళ్ళు ఏటా చేసే పని ఇదే.

నవంబర్ మొదటి వారం నుంచి నీళ్ళు తగ్గిస్తూ రండి, రెండో వారం దాటాక పూర్తిగా ఆపేయండి. ఆకులు కళ తప్పుతాయి, కొన్ని పండి రాలతాయి. భయపడకండి. మొక్క నిద్రపోతోంది. నవంబర్ చివరి వారంలోనో, కార్తీకం వెళ్ళిన రెండు మూడు రోజులకో పదునైన కత్తెర తీసుకుని మొక్క మొత్తాన్ని నేలకి అడుగున్నర ఎత్తున కత్తిరించేయండి. ఎండిన కొమ్మలు, పెన్సిల్ కంటే సన్నగా ఉన్న పీచు కొమ్మలు, ఒకదాన్నొకటి ఒరుసుకునేవి మొదలంటా తీసేయండి. మిగిలిన ఆకులు కూడా చేత్తో దూసేయండి. ఎదురింటి అమ్మాయి మొక్కకి ఈ పని చేస్తున్నప్పుడు ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. "పిన్నిగారూ, చచ్చిపోదు కదా?" అని నాలుగుసార్లు అడిగింది. ఆరడుగుల పచ్చటి పొద పోయి ఏడెనిమిది మోళ్ళు మిగిలాయి మరి.

కత్తిరించిన మర్నాడు పాదు గొప్పు తవ్వి, వేళ్ళు తెగకుండా చూసుకుంటూ మట్టి తిరగేయండి. వారం పది రోజులు అలాగే ఆరనివ్వండి. తర్వాత పెద్ద మొక్కకి పది కిలోలు, చిన్నదానికి నాలుగైదు కిలోల మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ళ వేపపిండి వేసి మట్టి కప్పి, అప్పుడు నీళ్ళు పెట్టండి.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే వెళ్ళి కణుపుల దగ్గర చూడండి. మొదట కణుపు పక్కన నువ్వుగింజంత ఆకుపచ్చ బొడిపె లేస్తుంది. అది రెండాకులై విచ్చుకుంటుంది. ఒక్కో మోడు మీద నాలుగైదు చిగుళ్ళు వస్తాయి. శివరాత్రి దాటాక ఆ చిగురు కొసని వేళ్ళతో విడదీసి చూస్తే మూడు చిన్న మొగ్గలు అతుక్కుని కనిపిస్తాయి, మధ్యది కాస్త పెద్దగా. ముందు విచ్చేది ఆ మధ్య మొగ్గే. ఎదురింటి మొక్క ఉగాదికి మొదటి దోసెడు ఇచ్చింది. ఏప్రిల్‌లో రోజూ ఒక మూర మాల కట్టుకునేటన్ని పూసింది.

మొగ్గని సాయంత్రం, తెల్లగా నిండి ఇంకా విచ్చకముందే కోయాలి. ఒక విడత పూత అయిపోయాక పూసిన ప్రతి రెమ్మ కొసనీ రెండు కణుపుల మేర తుంచేయండి. అక్కడి నుంచి మళ్ళీ చిగురు, మళ్ళీ మొగ్గ. జులైదాకా ఇలా మూడు నాలుగు విడతలు తీయవచ్చు.

ఆ పెద్ద కత్తిరింపు మాత్రం ఏడాదికి ఒక్కసారే. ఫిబ్రవరిలో గుర్తొచ్చింది కదా అని అప్పుడు మొదలంటా కోసేస్తే ఆ వేసవి పూత సగం పోతుంది. అలాంటప్పుడు కొసలు మాత్రం తుంచి, అసలు పని వచ్చే కార్తీకానికి పెట్టుకోండి. డాలస్, హ్యూస్టన్‌లలో కుండీల్లో మల్లె పెంచుకునే మనవాళ్ళు కూడా కత్తిరింపు చలికాలం చివర్లోకి జరుపుకుని ఇదే పద్ధతి చేయవచ్చు. మంచు పడే రాత్రులు మాత్రం కుండీని లోపలికి తీసుకురావాలి.

మందారానికి మూడోవంతు చాలు

మందారం కూడా కొత్త కొమ్మ మీదే పూస్తుంది, కానీ మల్లెలా మోడు చేయకూడదు. ఫిబ్రవరిలో చలి తగ్గగానే ఎత్తులో మూడోవంతు తీసేయండి. కొమ్మ బయటివైపుకి చూస్తున్న కణుపుకి పైన, కొంచెం ఏటవాలుగా కోయండి. లోపలికి చూసే కణుపు మీద కోస్తే కొత్త కొమ్మ పొద మధ్యలోకి వెళ్ళి గాలి ఆడనివ్వదు. కోసిన రెండు మూడు నెలలకి పూత బాగా అందుకుంటుంది. మే నెలలో కోయకండి, బోదె ఎండకి మాడుతుంది.

మొగ్గలు విచ్చకుండానే పసుపు పచ్చగా మారి రాలుతున్నాయంటే ముందు మీ నీళ్ళ అలవాటు చూసుకోండి. మట్టిని పూర్తిగా ఎండగట్టి ఆనక ఒకేసారి చెరువు చేస్తే మందారం మొగ్గలు వదిలేస్తుంది. నీళ్ళు సరిగ్గానే ఉన్నాయంటే ఒక మొగ్గని తెల్ల కాగితం మీద దులిపి చూడండి. గీతల్లాంటి సన్నటి పురుగులు పాకితే అవి తామర పురుగులు. పిండినల్లికి కింద చెప్పిన వేప నూనె వాటికీ పనిచేస్తుంది.

కాగితం పూలకి దాహం కావాలి

బోగన్‌విల్లియాకి ఫ్రెంచి నావికుడు బోగన్‌విల్ పేరు పెట్టారు. మన ఊళ్ళలో కాగితం పూలు అన్నారు, ఆ పేరే దానికి సరిగ్గా సరిపోయింది. మనం పువ్వనుకునే ఆ రంగు రేకులు నిజానికి ఆకులే. మధ్యలో ఉండే చిన్న తెల్లటి గొట్టాలే పూలు. ఈ మొక్కకి మనం చేసే అపకారం నీళ్ళు పోయడమే. తడి ఎక్కువైతే ఆకు పెంచుకుంటుంది, నేల ఎండితే పూలు తొడుగుతుంది. అందుకే ఆలనాపాలనా లేని గోడల మీద వేసవిలో విరగబూస్తుంది. లేత కొసలు కొంచెం వాలేదాకా ఆగి, అప్పుడు పోయండి. ఒక విడత రంగు దిగగానే పూసిన కొమ్మల్ని సగానికి కోయండి. తొలకరిలో ఇంకొంచెం గట్టిగా కోస్తే వానాకాలంలో అడ్డదిడ్డంగా పెరగదు. ముళ్ళున్నాయి, చేతులకి తొడుగులు వేసుకోండి.

మిగతావి, క్లుప్తంగా

కనకాంబరానికి మట్టిలో ఎప్పుడూ చెమ్మ ఉండాలి, నీళ్ళు నిలవకూడదు. పూత అయిపోయిన వెన్నుల్ని తుంచేస్తుంటే పక్క నుంచి కొత్త వెన్నులు వేస్తుంది. రెండు మూడేళ్ళకి మొక్క అలిసిపోతుంది, అందుకని నాలుగైదు వెన్నులు ఎండనిచ్చి విత్తనం ఉంచుకోండి. ఎండిన కాయని తడి చేతిలో పెట్టుకుంటే టప్పున పేలి గింజలు ఎగురుతాయి. చిన్నప్పుడు దానితో ఆడుకోని వాళ్ళెవరు! నిన్నదాకా బాగున్న కనకాంబరం ఉన్నట్టుండి వడలి చచ్చిపోతే అది వేరుకుళ్ళు. అదే చోట మళ్ళీ కనకాంబరం పెట్టకండి.

నందివర్ధనానికి పెద్దగా చేసేదేమీ లేదు. పొద ఆకారం చెడితే తొలకరిలో కత్తిరించండి. డిసెంబరాలు జనవరి తర్వాత పూత ఆగగానే జానెడు ఎత్తుకి కోసేయాలి, అలా చేస్తేనే వచ్చే ధనుర్మాసానికి గుబురుగా పూస్తాయి. పారిజాతానికీ పూత కాలం దాటాకే కత్తెర.

గన్నేరు గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎండకి, దుమ్ముకి, నీటి ఎద్దడికి దాన్ని మించిన మొక్క లేదు, హైవేల మధ్యలో వరసగా నాటేది అందుకే. కానీ ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. పచ్చగన్నేరు కాయ మరీ ప్రమాదం. పాకే పిల్లలున్న ఇంట్లో, గొడ్లు మేసే చోట నాటకండి. కోసిన కొమ్మల్ని పొయ్యిలో పెట్టకండి, చలిమంట వేయకండి, ఆ పొగ కూడా మంచిది కాదు. కోశాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఆకులు పసుపెక్కినా, పిండినల్లి పట్టినా

లేత ఆకులు పసుపు పచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తే అది ఇనుపధాతువు లోపం. బోరునీళ్ళలో సున్నం ఎక్కువగా ఉన్న చోట మల్లెకి, నూరువరహాలకి ఇది తరచుగా వస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. కలిపిన నీళ్ళు వెంటనే వాడేయాలి. పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొడితే చిగురు పచ్చబడుతుంది. డాబా మీద వాననీళ్ళు పట్టుకోగలిగితే వాటిని నూరువరహాలకే కేటాయించండి.

మందారాన్ని పట్టి పీడించేది పిండినల్లి. కొద్దిగా ఉన్నప్పుడే పాత టూత్‌బ్రష్ సబ్బునీళ్ళలో ముంచి కణుపుల సందులు తోమేయండి. ముదిరితే ఆ కొమ్మ కోసి కవరులో కట్టి పారేయండి, చెత్తకుప్ప మీద వేయవద్దు. మిగతా మొక్కకి లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి, ఆకుల అడుగు తడిసేలా వారానికోసారి మూడు వారాలు కొట్టండి. బోదె మీద చీమల బారు ఉందేమో చూడండి. పిండినల్లి వదిలే తీపి కోసం చీమలు వాటిని కాపలా కాస్తాయి, పక్క మొక్కకి మోస్తాయి కూడా. ఆ బారుని తెంచకుండా ఎన్నిసార్లు మందు కొట్టినా మళ్ళీ మొదటికే వస్తుంది.

కొట్టేముందు ఒక్క నిమిషం దగ్గరగా చూడండి. పిండినల్లుల మధ్య వాటికంటే పెద్దగా, ఒళ్ళంతా తెల్లటి మైనపు కుచ్చులతో చురుగ్గా నడిచే పురుగు కనిపిస్తే అది పిండినల్లి కాదు. ఒక రకం అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లిని తిని బతుకుతుంది. అవి నాలుగైదు కనిపిస్తే నేను మందు ఆపేస్తాను.

మల్లె మొగ్గకి చిన్న రంధ్రం పడి, విచ్చకుండా రంగు మారి రాలుతుంటే అది మొగ్గతొలిచే పురుగు. అలాంటి మొగ్గలన్నీ రోజూ ఏరి సబ్బునీళ్ళలో వేయండి. ఇంటి పెరటికి ఆ ఏరివేత చాలావరకు సరిపోతుంది.

అంటు తొక్కడం

మంచి మల్లె ఒకటి ఉంటే ఇంకోటి కొనక్కర్లేదు. జూన్, జులై నెలల్లో నేలకి దగ్గరగా ఉన్న ఏడాది వయసు కొమ్మని వంచండి. నేలకి తగిలే చోట కణుపు కింద సగం మందం వరకు ఏటవాలుగా చిన్న గాటు పెట్టి, నాలుగంగుళాల లోతు కాలువ తీసి అందులో తొక్కండి. మీద మట్టి కప్పి ఒక రాయి పెట్టండి, కొస మాత్రం బయట ఉండాలి. అక్కడి మట్టి ఆరనివ్వకండి. మూడు నెలలకి రాయి తీసి కొమ్మని మెల్లగా లాగి చూస్తే గట్టిగా పట్టుకుని ఉంటుంది, అంటే వేళ్ళు వచ్చాయన్నమాట. తల్లి మొక్క వైపు కొమ్మని ఒకేసారి కోయకుండా ముందు సగం కోసి, పది రోజులాగి మిగతాది కోయండి. మట్టితో సహా తీసి కుండీలో పెట్టి వారం పది రోజులు నీడలో ఉంచండి.

ఆ పిల్ల మొక్కకి ఆ ఏడు కార్తీకంలో కత్తెర పెట్టకండి. పైఏటి నుంచి మొదలుపెట్టండి.